కొత్తది ఏదీ లేదు

ఎర్రగుంట్ల దాటినాక సిమెంటు ఫ్యాక్టరీ, రెండో గేటు.
రాత్రి పదకొండున్నర.
కాటా గదిలో కంప్యూటరు
ఆలోచించకుండానే జవాబిచ్చింది:
"కొత్త వర్షను ఏదీ లేదు."

ఉంది.
పొద్దున నా ఫోన్లో చూసినాను,
నంబరుతో సహా చదివినాను.
ఈ నెల పోతే పాతదానికి ఇంగ మందూమాకూ ఇయ్యరు.
అయినా ఇది,
గడప దాటకుండానే
సంతలో సరుకు లేదని తేల్చేసిన మనిషి మాదిరి.

బ్రౌజరు మాత్రం బయటికి పోతాంది.
కడప నలభైమూడు డిగ్రీలని
నాకు తెలిసిందే తెచ్చి చెప్తాంది.
దానికి దోవ తెలుసు.
ప్రాక్సీ పేరు, పోర్టు ఎనిమిదివేల ఎనభై,
అన్నీ దాని చెవిలో ఎవరో ఎప్పుడో చెప్పిపోయినారు.
అప్‌గ్రేడు టూలు దాన్ని అడగదు, ఇది దానికి చెప్పదు.
ఒకే ఇంట్లో
మాటల్లేని తోడికోడళ్లు.

పదకొండు నుంచి రెండు దాకా కాటా బందని
నోటీసు అంటించినాము.
లారీలు నోటీసులు చదవవు.
పదహారు నిలబడినాయి, దుమ్ములో, లైట్లు ఆర్పకుండా.
ఓబులేసు కిటికీలో తలపెట్టి
"చీటీ ఎప్పుడిస్తావక్కా, తెల్లారేలోపల బళ్లారిలో దించాల" అన్నాడు.
"రోంత సేపన్నా."
మా వైపు రోంతకు కొలత లేదు.
కాటా మీద పెట్టినా ముల్లు కదలదు.

సరే, నేనే దోవ చెప్పినాను.
నల్ల తెరమీద రెండు వరసలు రాసి,
ఇదిగో గేటు, ఇట్ల పో, అని.
పోయింది, వచ్చింది, బాగానే ఉంది.
కానీ అప్‌గ్రేడుకు రూట్ కావాల,
అన్ని తాళాలూ ఉండే పెద్దమనిషి కావాల.
ఆ హోదా ఇచ్చి నడిపితే
మళ్లీ అదే మాట: కొత్తది ఏదీ లేదు.

నేనుగా ఉన్నంతసేపు గుర్తున్న దోవ
అధికారం తొడుక్కోంగానే మర్చిపోయింది.
ఇది కంప్యూటర్లకే వచ్చే జబ్బు కాదు,
ఆ మాట ఇప్పుడెందుకులే.

పెద్దాఫీసు సౌందరరాజన్ నిద్రగొంతుతో
"మా దగ్గర పనిచేస్తుందే" అన్నాడు.
ఆయన సీటుకు ప్రాక్సీ లేదు.

హోదా మారినా పాత గుర్తులు వెంట తీసుకపొమ్మని
కమాండుకు ఒక తోక ఉంది, ఒకే అక్షరం.
తగిలించినాను.
నాలుగొందల ఏడు!
ఒంటిగా కూర్చోని నవ్వినాను.
లేదు అనడం మాని
నువ్వెవరు అని అడిగింది, మొట్టమొదటిసారి.

ఎవరని చెప్పేది?
దస్తగిరన్నకు ఏడేండ్లుగా నా ముఖం తెలుసు.
మా నాయిన పేరు తెలుసు, నా టిఫిను గిన్నెలో ఏముందో తెలుసు.
అయినా రోజూ, "పాసు, మాబున్నీ."
పసుప్పచ్చ పాసు.
పర్మనెంటోళ్లది నీలం.
అడిగినప్పుడల్లా పైనుంచి
"కొత్త పోస్టులు ఏవీ లేవు" అంటారు.

పాస్‌వర్డు నడుమ ఎట్ గుర్తు ఉంది.
అదే తగులుకునేది.
దాన్ని చూసి టూలు, మనిషి పేరు ఇక్కడికి అయిపోయె,
ఇంగ ఊరు మొదలాయె అనుకుంటాంది.
సగం పాస్‌వర్డును ఊరనుకోని
లేని ఊరిని వెతుకుతా పోతాంది పాపం.
ఆ గుర్తు తీసి
శాతం, నాలుగు, సున్న అని రాసినాను.
వేషం మార్చినా అదే గుర్తు.

ఒంటిగంటా పది.
తెర కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత వరసలు దిగడం మొదలుపెట్టినాయి,
ఒకటి, ఇంకొకటి, ఆగకుండా,
బయట ఎవడో హారను కొట్టినా ఆగకుండా.

దస్తగిరన్న టీ తెచ్చినాడు, గ్లాసు మీద సిమెంటు పొర.
"ఏమ్మా, కొత్తది దొరికిందా?"
"ఉన్నిందన్నా, మొదట్నుంచీ.
పోయి చూసినోళ్లే లేరు."

ఆయన నా మెడలో పాసుకల్లా చూసి
ఏమనుకున్నాడో,
ఏమీ అనకుండా గేటుకు పోయినాడు.
పన్నెండు శాతం.
ఓబులేసు ఇంజను ఆర్పినాడు.