ఏడో మెట్టు

సరుగుడు బాదులు అంతర్వేది వైపు నుంచి
మూడు లారీలు దిగాయి. తాళ్ళు అంబాజీపేటవి.
నాలుగు రోజుల్లో అమలాపురం కాలేజీ మైదానానికి
నాలుగు పక్కలా పదిహేనేసి మెట్లు మొలిచాయి.
పదివేల మంది పడతారట.
మేకన్నది లేదు, అన్నీ ముళ్ళే.

అందుకని కౌంటర్లో కుర్రాణ్ణి అడగలేదు,
ముడేసిన మనిషిని అడిగాను
ఏ చోటు మంచిదని.

చెవి మీంచి బీడీ తీశాడు ఏసుపాదం బాబాయి.
"ఉత్తరం సోఫాల వెనక్కి పోకమ్మా.
అవి రొయ్యల మేత కంపెనీ వాళ్ళవి.
పాయింటు పాయింటుకీ ఎవరో ఒకాయన లేచి
ఆటగాడికి వందనోటు పిన్నీసుతో గుచ్చడానికెళతాడు.
నీకు కనపడేది ఆట కాదు, ఆయన పంచె.

తూర్పున కూర్చుంటే పొద్దుగూకేదాకా కళ్ళలో సూదులు.
దక్షిణం వైపు పైరగాలి వీపు నిమురుద్ది,
నిజమే, దాంతోపాటే బజ్జీల బండి పొగ.
పడమరే నయం. కానీ లైటు స్తంభం కింద మాత్రం వద్దు,
దాళ్వా చేలు పొట్ట మీదున్నాయి,
మండలంలో సుడిదోమంతా అక్కడే దిగుద్ది,
జాకెట్టులో దూరి తెల్లార్లూ ఆడుద్ది."

"మరి ఆడవాళ్ళకి?"

తల గోక్కున్నాడు.
స్కోరుబోర్డు వెనకాల, నీలం టార్పాలిన్ కట్టిన మూల.
"కమిటీ వాళ్ళు కట్టమన్న చోట కట్టాను, ఆయ్.
నన్నడిగితే ఏడో మెట్టు.
నడిగీతకి సూటిగా. అటు బోనస్ గీత, ఇటు బోనస్ గీత,
అరచేతిలో రేఖల్లా ఉంటాయి."
ఏడో మెట్టు నూటయాభై.
మగవాళ్ళ గేలరీ.

చెప్పలేదు కదూ,
నేను లెఫ్ట్ కార్నర్ ఆడేదాన్ని.
ముమ్మిడివరం హైస్కూలు, ఆపైన రెండేళ్ళు జిల్లా జట్టు.
కుడి మోకాలు పోయాక మిషను కుడుతున్నాను,
ఆ కాలితోనే తొక్కుతూ.
బాబాయికి తెలుసు.
అప్పట్లో మా కోర్టుకి ఇసుక తోలింది ఆయన బండే.

బీడీ ఆర్పి, గోనెపట్టా ఎత్తి, "రా" అన్నాడు.

గేలరీ కింద పచ్చి బెరడు వాసన.
తడి కొబ్బరి పీచు. నెత్తిన పల్లీ తొక్కల వాన.
పైన రెండు వేల కాళ్ళు,
ఎవరివో చెప్పులు జారి బాదుకి వేలాడుతున్నాయి.
ఎదురుగా మొదటి మెట్టుకీ రెండో మెట్టుకీ నడుమ
జానెడు సందు.
ఆ సందులో మొహాల్లేవు, చొక్కా నెంబర్లు లేవు,
మోకాళ్ళ నుంచి కిందికే మనుషులు.

కార్నర్లో నిలబడే వాళ్ళెవరూ మొహం చూడరు.
మొహం బొంకుతుంది. భుజం ఊరిస్తుంది.
మడమ లేచిందా, అదొక్కటే నిజం.

కూతకొచ్చిన కుర్రాడి పేరు మైకులో చెప్పారు గానీ
పైన తొక్కిడికి వినపడలేదు.
ఎడమ చిటికెన వేలికి ప్లాస్టరు వేసుకున్నాడు.
రెండడుగులు వెనక్కి. ఒకటి అడ్డంగా.
వీడు గీత ఆశతో వస్తాడు,
రానీ, రానీ,
చీలమండ తిరిగింది,
ఇప్పుడు.

గేలరీ మొత్తం లేచింది.
తాళ్ళన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి, దుమ్ము రాలింది,
నా రెండు చేతులూ దగ్గర్లో ఉన్న బాదుని
ఎప్పుడు చుట్టుకున్నాయో నేను చూడలేదు.

బాబాయి కోర్టు వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.
ముడి మీద మూడు వేళ్ళు,
జ్వరం పిల్లాడి నాడి చూస్తున్నట్టు.

"ఏమైంది?" అన్నాడు.
"పట్టేశారు."
"అది కాదమ్మా.
నువ్వు పట్టుకున్న బాదు. కదిలిందా?"

లేదన్నాను.
చేతులు మాత్రం తియ్యలేదు.