ఎడమ పక్క అర

చంద్రపూర్‌ల సెకండ్‌హ్యాండ్‌కు కొన్న ల్యాప్‌టాప్.
ఎడమ పక్క ఒక సన్నటి అర,
అండ్ల పెట్టే కార్డులు రెండు.

ఒకటి నది మాట వినేది.
తొమ్మిది సూదుల కేబులు దాన్నుంచి పోయి
గట్టు మీది లాగర్ పెట్టె నోట్ల కూసుంటది.
ఇంకోటి ఆ మాట మోసేది.
రెక్కలాంటి యాంటెన్నా ఎత్తితే
అవతలి ఒడ్డు టవరును పట్టుకుంటది,
సిరొంచ టవరు డీజిల్ లేక పండుకున్న రోజులల్ల.

కార్డులు రెండు, అర ఒక్కటే.
వినేటప్పుడు చెప్పలేను,
చెప్పేటప్పుడు వినలేను.
లస్మయ్య మామ నవ్విండు:
"మీ అత్త నయం రా, రెండూ ఒక్కపారే జేస్తది."

స్కేలు రాయి మీది తెల్లగీతలు చదవడం
ఇరవై ఏండ్ల సంది మామ కొలువు.
తెలుగుల లెక్కవెట్టి మరాఠీల రాస్తడు.
సంతకం ఏ భాషో నాకిప్పటికీ తెల్వదు.

పంద్రాగస్టు ఎల్లిన నాలుగోనాడు
ప్రాణహిత ఎర్రగ లేచింది.
గంటగంటకు లెక్క పోవాలె గడ్చిరోలికి.
వినే కార్డు పెట్టిన, లెక్క దిగింది,
ఇగ తీసుకోవచ్చని తెర మూలకు మాట పడ్డది.
బటన్ ఒత్తితే కార్డు రాలే,
బటనే లోపలికి పోయింది నత్త కొమ్ము లెక్క.

గొడుగు పట్టిన పోరడు జారుతుండు.
నది ఎంత ఎత్తుందో నా ఒళ్ల ఉన్నది,
ఇంకెక్కడా లేదు.
కింది ఊర్లు అన్నాలు తింటున్నయి కావొచ్చు.

గోరుతోటి పీకిన. దువ్వెన పన్ను ఇరిగింది.
మామ మొలతాడుకున్న సూది ఇప్పిండు,
వల అల్లే వెదురు సూది.
దాంతోటి లాగుతడనుకున్న.
"చేప గొంతుల గాలం ఇరుక్కుంటే
గుంజుతార్రా? ముందు ఇంకింత లోపలికి తొయ్యాలె."
కార్డు అంచున సూది ఆనించి
నెట్టిండు, టక్కున ఒదిలిండు.
అది తనంతట తనే మూతి బయటవెట్టింది.

రెండో కార్డు.
ఎర్ర దీపం. ఎర్ర దీపం. ఎర్ర.
పచ్చ.
"ఆంధ్రప్రదేశ్‌కు స్వాగతం" అన్నది తెర.
మేమెక్కడికీ పోలేదు,
మోకాలు లోతు బురదల, మహారాష్ట్రలనే ఉన్నం.
పోరడు "దండం సార్" అన్నడు ల్యాప్‌టాప్‌కు.

లెక్క పోయింది.
పోయేలోపు నది ఇంకో జానెడు లేచింది.
మళ్ల మొదటి కార్డు,
మళ్ల సూది.
తెల్లారేదాక గదే పని.

ఆ ల్యాప్‌టాప్ ఇప్పుడు లేదు, కార్డులూ లేవు.
అర ఖాళీగ ఉన్నప్పుడు పెట్టనీకె
కంపెనీ ఇచ్చిన ఉత్త ప్లాస్టిక్ కార్డు ఒకటుండె,
లోపల తీగ లేదు, బొట్టంత రాగి లేదు.
మామ అడిగి తీసుకున్నడు.
గేజీ రిజిస్టర్‌ల, ఇయ్యాలటి పేజీ దగ్గర పెడుతడు.

మొన్న కొత్త సార్ దాన్ని అటిటు తిప్పి చూసి
"ఇదేం జేస్తది?" అన్నడు.
"ఏం జెయ్యదు సార్,
దుమ్ము రానియ్యదు."