మూడో పేరు

సిరోంచ ఎస్టీ స్టాండు పక్కన నా జిరాక్సు కొట్టు.
సాత్‌బారా ఉతారాలు, కులం కాయితాలు, రేషన్ కార్డులు
అన్నీ మరాఠీలో పుడతాయి,
తెలుగులో తిట్లు తింటాయి.

మధ్యాహ్నం జనం పల్చబడ్డాక
డ్రాయరు అడుగునుంచి తీస్తాను బక్కన్న ఫైలు.
రెండువందల పన్నెండు పేజీలు.
మనిషి నాగపూర్ జైల్లో,
అతని గొడ్డలి ఇక్కడి ఠాణాలో, మెడకి చీటీ కట్టుకుని.

మరాఠీలో దీన్ని దయేచా అర్జ్ అంటారు.
మనం క్షమాభిక్ష అంటాం.
భిక్ష దగ్గర నా వేలు ఆగుతుంది ప్రతిసారీ.
చంపొద్దు అనడానికి
చేయి ఎందుకు చాపాలి?

అయినా చాపాను.
మిరప ఏరి ప్రాణహిత దాటి తిరిగొచ్చే ట్రాలీలు ఆపి
నిల్చున్న ఆడవాళ్ళ చేత వేలిముద్రలు వేయించాను.
ఆ కాయితాలు పట్టుకున్న చేత్తో కళ్ళు తుడుచుకుంటే
పొద్దుగూకేదాకా మంట.

టీ బండి దగ్గర రాజారాం గాదెవార్ అడుగుతాడు,
"నీ ఇంట్ల జరిగితే?"
పదకొండేళ్ళుగా అదే ప్రశ్న, అదే కప్పు.
నా దగ్గర మూడు జవాబులున్నాయి.
మూడూ పగటిపూట బాగానే ఉంటాయి.

అన్ని ఊళ్ళూ తిరిగాను, ఒక్క వాకిలి తప్ప.
మొన్న అంకీసా దాటి అదీ తొక్కాను.
మల్లుబాయి తునికాకు కట్టలు కడుతోంది,
డెబ్బై ఆకులకో కట్ట.
నన్ను చూసి లేవలేదు, లెక్క తప్పుతుందని.
కట్ట ముడేశాక చెంబుతో నీళ్ళిచ్చింది.
"నువ్వు ఎవనికోసం తిరుగుతున్నవో నాకెరుకే."

సంతకం మాట ఎత్తలేదు నేను.
ఆ మూడు జవాబులూ
నీళ్ళతోపాటే గొంతు దిగిపోయాయి.

ఆమే అడిగింది,
"మావోళ్ళ గురించి ఏం రాసిన్రు గండ్ల? సదువు."

చదివాను, మరాఠీ ముక్క, తెలుగు ముక్క.
ఒకటో మృతుడు, బోజమ్.
"బోజమ్ గాదు. పోచం."
రెండో మృతురాలు, తారాబాయి.
"తారక్క."
మూడో మృతుడు. మగపిల్లవాడు. వయసు సుమారు అయిదు.

ఆగాను.
ఆమె ఇంకా వింటోంది.
"గంతేనా?"

అంతే.
రెండువందల పన్నెండు పేజీల్లో, మూడు కోర్టుల్లో
అంతే.
నేనే నాలుగుసార్లు టైపు కొట్టాను,
సుమారు అన్న మాట నా వేళ్ళకి అలవాటైపోయింది.

"సడవలి," అంది.
"వాళ్ళ తాత పేరు వెట్టుకున్నం.
సుమారు గాదు, పోలా పండుగకు ఆరు వడ్తుండె.
ఎద్దుల కొమ్ములకు రంగెయ్యాలని డబ్బి తెప్పిచ్చుకున్నడు."

కొంచెంసేపు ఆకులు సర్దింది.
"నేను ముద్ర ఎయ్య.
వాన్ని బతుకనియ్యుమని నా నోటెంబడి రాదు.
నువ్వు ఏమన్న అడుక్కో.
పిల్లగాని పేరు రాసి అడుక్కో."

రాత్రి షట్టరు సగం దించి
మొదటి పేజీ నుంచి మళ్ళీ కొట్టాను.
పోచం సరిచేశాను. తారక్క సరిచేశాను.
సడవలిని ఆ లిపిలో ఎలా రాయాలో తేలక
మూడుసార్లు చెరిపాను.
కరెంటు పోయింది, వచ్చింది.
పేరు చేరాక అర్జీ బరువెక్కింది,
బక్కన్న వైపు మాత్రం కాదు.
అది తెలిసీ ప్రింటు తీశాను.

పొద్దున అయిదున్నర బస్సు.
ఆలపల్లి దాకా రోడ్డంతా గుంతలే.
కవరు జారకుండా మోకాళ్ళతో అదిమిపట్టి కూర్చున్నాను.
ములాఖత్ కిటికీ దగ్గర
ఇదంతా బక్కన్నకీ చదివి వినిపించాలి.
వాళ్ళ వాడకట్టే కదా, ఆ పిల్లాణ్ణి
ఏ పేరుతో పిలిచేవాడో.
నేను ఎప్పుడూ అడగలేదు.

అతను వేలు పెట్టాల్సిన చోట
పెన్సిలుతో చుక్క పెట్టి ఉంచాను.
ఆ పేరుకి నాలుగు గీతల కింద.