రోజుకో ఆకు

ఈ పుస్తకంలో ఏ భాగానికీ మొదటి ఆకు ఉండదు.
రెండుతోనే లెక్క మొదలు.
ఎందుకని అడిగాను, చేరిన తొలి రోజు.
"నువ్వొచ్చేసరికే మాటలు మొదలయ్యాయిలే, కూర్చో"
అన్నాడు గుండీల కొట్టు జల్మన్
మాతే బుర్ర నా వైపు జరుపుతూ.

బ్యూనస్ ఐరిస్, ఓన్సే పేట, జులై చలి.
తెల్లారకముందే, బట్టల కొట్టు మీది గదిలో
తొమ్మిదిమందిమి, ఒక్కోసారి పదకొండు.
రోజుకో ఆకు తల్మూద్. ఇలా ఏడున్నరేళ్లు.
నడిమధ్యన అసలు మాట,
చుట్టూ గట్టు తెగిన నీళ్లలా వ్యాఖ్యానాలు.
వందల ఏళ్ల ఎడంలో పుట్టినవాళ్లు
ఒకే కాగితం మీద
ఒకరి నోట్లో మాట ఒకరు లాక్కుంటుంటే
రబ్బీ మెనాహెం బొటనవేలితో గాలిని తవ్వుతూ
మమ్మల్నీ అందులోకి తోసేస్తాడు.

నా పని లిఫ్టులు బాగుచేయడం.
ఏడింటికల్లా సంచీ భుజాన వేసుకుంటాను.

"పొడిచిన ఎద్దులూ కూలిన గోడలూ,
ఇవా మామయ్యా నువ్వు చదివేది?" అని నవ్వుతుంది మా మేనకోడలు.
ఓసారి అపార్ట్‌మెంట్ మీటింగ్‌కి రావే తల్లీ అంటాను.
కింది అంతస్తువాడు ఎక్కని లిఫ్టుకి
వాటా ఎందుకివ్వాలో చెప్పు చూద్దాం.
ఒకే దుప్పటి చెరో కొస పట్టుకుని
నాదంటే నాదని ఇద్దరొచ్చిన రోజున
రెండు గొంతులూ నిజంలాగే వినిపిస్తే ఏం చేస్తావు?
నేనైతే ఇప్పుడు
ఎవరు గట్టిగా లాగుతున్నారని చూడటం మానేశాను.
ఎంతమేర ఎవరి పిడికిట్లో ఉందో చూస్తున్నాను.

తేలని ప్రశ్నకి వాళ్ల దగ్గర ఒక మాటుంది: తేకూ.
నిలబడనీ, అని.
ఓడిపోయామని కాదు. విసిగిపోయామనీ కాదు.
మూడుకీ నాలుగుకీ మధ్య ఆగిన లిఫ్టులోకి
సందులోంచి కేకేసి చెప్తానే,
"కంగారు పడకండి, తాడు తెగలేదు" అని,
అలాంటిది.

లిఫ్టు కింద ఒక గుంత ఉంటుంది.
దాన్ని ఎవరూ చూడరు.
గడపకీ పెట్టెకీ మధ్య రెండు వేళ్ల సందులోంచి
జారినవన్నీ అక్కడికే చేరతాయి.
చిల్లర, చెవిదుద్దు, పిల్లల సాక్సు, ఎవరి పెళ్లిదో ఫొటో ముక్క.
మొన్న ఇత్తడి చేప కట్టిన తాళంచెవి.

మామూలుగా అయితే సంచీలో పడేసేవాణ్ణి.
ఆ వారం ఆకుల్లో అన్నీ దొరికిన వస్తువులే.
గుర్తుంటే చాటించాలి,
పోగొట్టుకున్నవాళ్లు ఆశ వదిలేశారా లేదా తేల్చుకోవాలి.
లిఫ్టులో కాగితం అంటించాను.
ఆరో అంతస్తు ఫెలీసా వైన్‌గార్తెన్ దిగొచ్చింది, చెప్పులు లేకుండా.
చేపని బొటనవేలితో రుద్దింది.
"దీన్ని వదులుకుని పదకొండేళ్లయింది బాబూ.
తాళమే మార్చేశాం.
ఆయన బతికుండగానే."
నా అరచేతిలో పెట్టి వెళ్లిపోయింది.
న్యాయం ప్రకారం నాదే.
ఏ తలుపూ తెరవని తాళంచెవి.

మర్నాటి గొడవ ఇంకా చిత్రం.
పోయిందని తెలియదు.
తెలిసుంటే ఆశ వదిలేసేవాడే.
ఆ వదలడం ఇప్పుడే లెక్కా? తెలిసిన తర్వాతేనా?
ఇద్దరు పండితులు, ఎవరి పట్టు వాళ్లది.
చివరికి తీర్పు:
తెలియకుండా వదిలిన ఆశ, వదిలినట్టు కాదు.

జల్మన్ బుర్ర అందించాడు. చల్లారిపోయే దాకా పట్టుకునే ఉన్నాను.
రోసారియోలో నాకో తమ్ముడున్నాడు, ఎలియాస్.
నాన్న పనిముట్ల పెట్టె దగ్గర మాట పెరిగి ఆరేళ్లు.
వాడి కొస నేను లాక్కున్నాను, పెట్టె నా దగ్గరే ఉంది.
నన్ను పోగొట్టుకున్నాడని వాడికి తెలుసో లేదో.

ఆ మధ్యాహ్నం స్క్రూడ్రైవర్ తీస్తే
చెక్క పిడి మీద గాట్లు అరచేతికి తగిలాయి,
వాడి పాలపళ్లవి.
ఇన్నేళ్లూ రోజూ పట్టుకుంటూనే ఉన్నాను.
గుర్తున్న వస్తువు.

రోసారియోకి పార్సెల్ ఎంతవుతుందని
పోస్టాఫీసులో అడిగాను.
బరువెంత అంది అమ్మాయి.
తెలీదన్నాను.
రేపు ఇరవై రెండో ఆకు.