హిన్నోము లోయ, మధ్యాహ్నం

మీరు నరకమనే చోటే
నేను రోజూ మేకలు మేపేది.
యెరూషలేము గోడకు దక్షిణాన.
దిగడానికి ఒక దారుంది,
ఎక్కడానికీ అదే.

ఒకప్పుడు ఇక్కడ రాజులే
కన్నబిడ్డల్ని మంటకిచ్చారు.
కేకలు వినపడకుండా డప్పులు కొట్టించారంటారు.
అందుకే ఈ లోయ పేరు
చచ్చినవాళ్ళను భయపెట్టే పేరయింది.
ఇప్పుడు బాదం పూస్తుంది,
పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు.

ఆదివారం మా అబూనా చదివాడు:
ఊదారంగు బట్టల ధనవంతుడు,
వాకిట్లో కురుపుల లాజరు, కుక్కలు.
తర్వాత మంట, మధ్యన అగాధం,
వేలికొనంత నీటికి బతిమాలుకోవడం.
ఆరని అగ్ని, చావని పురుగు అంటూ ఆయన గొంతు పెంచితే
ముందు వరసలో ముసలి వదియా
హాయిగా కునుకు తీసింది.

నాకే ఆ రాత్రి నిద్ర రాలేదు.
ఆ అగాధం ఎవరు తవ్వారు?
దేవుడా?
కథ మళ్ళీ మొదటినుంచి తలుచుకున్నాను.
ధనవంతుడి గుమ్మం దగ్గర అది జానెడే ఉంది.
రొట్టెముక్క పడినా పూడిపోయేది.

మా తమ్ముడు నఖ్లే ఇల్లు
మా గడపకు పన్నెండడుగులు.
బావి వాటా దగ్గర మాటా మాటా పెరిగి తొమ్మిదేళ్ళు.
కిందటి చలికాలం వాడి దగ్గు
గోడ దాటి వచ్చేది.
నేను దాటలేదు.
ఆఖరి రాత్రి మంచినీళ్ళు అడిగాడట,
గ్లాసు అందిస్తే
"ఏ బావివి?" అని నవ్వాడట.
మరదలు చెప్పింది.

వాడు అబ్రాహాము రొమ్మున ఉన్నాడేమో,
నాకు తెలీదు.
ఇవాళ మేకలు నీడకు చేరాక
సీసా మూత తీసి
చూపుడువేలు ముంచాను.
చుక్క కొనన వేలాడింది.
ఎటు చాచాలో తోచక
అది ఆరిపోయేదాకా
చూస్తూ కూచున్నాను.