దుబాసీ మింగిన మాట

మా ఊరు ఇసోరో.
పటంలో వెతక్కండి, దొరకదు.
సముద్రం రెండుసార్లు దగ్గితే
ముందు వరస ఇళ్ళు తడుస్తాయి, అంతే ఊరు.

పందుల దొడ్లకి మేం కట్టుకున్న కంచె
చిల్లులు చిల్లుల ఇనప రేకులు.
ఒకప్పుడు వాటి మీద విమానాలు దిగాయి.
బాంబు పడ్డ గోతిలో చేమ బాగా ఊరుతుంది.
ఇనప టోపీ బోర్లా తిప్పితే కోళ్ళకి నీళ్ళ తొట్టి.
మాకు యుద్ధం అంటే సామాను.
కథ మాత్రం బొనుండా అవ్వ దగ్గర ఉండేది,
పళ్ళు పోయినా వక్క వదలకుండా
రోట్లో మెత్తగా దంచుకుని నమిలే అవ్వ దగ్గర.

మొదటివాళ్ళు రాత్రి వచ్చారట,
దీపాలు లేని ఓడల్లో.
పొద్దున్నే దోసెడు బియ్యం ఇచ్చారు.
ఏం చెయ్యాలో తెలీక పచ్చివే నమిలామనేది.
నాలుగు నెలలు తిరక్కుండా వాళ్ళే
మా చేమ తోటల్లో దూరి
ఊరని పిల్లదుంపల్ని కూడా మట్టితో తిన్నారు.
తర్వాత రెండోవాళ్ళు. ఎండకి కందిన మొహాలు.
బరువులు మొయ్యడానికి మగవాళ్ళని లెక్కపెట్టుకున్నారు.
అవ్వ తమ్ముడు సిరోగా మెడలో ఇత్తడి బిళ్ళ:
రెండు వందల పదిహేడు.
"వాడికి పేరు పెట్టింది నేను.
ఆ రోజు నుంచి అంకెకి పలికాడు."

ఈ చోట ఏడవదు.
ఎర్రగా ఉమ్మి, సున్నం డబ్బా మూత వేస్తుంది.

ఎముకల కోసం జపాన్ వాళ్ళు వచ్చిన ఏడు
ఊళ్ళో ఇంగ్లీషు ముక్క వచ్చినవాణ్ణి నేనే.
దుబాసీని చేశారు.
రోజుకి ఇరవై కినాలు, ఓ డబ్బా చేప.

హిసామత్సు గారు తండ్రిని చూడలేదు.
తను అమ్మ కడుపులో ఉండగా ఆయన ఓడెక్కాడు.
డెబ్భై ఏళ్ళ కొడుకు చేతిలో
ఇరవై నాలుగేళ్ళ తండ్రి ఫోటో.
నాన్న అన్నప్పుడల్లా
ఆ ముసలి గొంతు పిల్లాడిదయ్యేది.

అవ్వ ముందు నడిచింది. చేత్తో కాదు,
గడ్డంతో చూపించింది: ఇక్కడ.
సాగో చెట్ల వెనక, ఉప్పునీళ్ళు ఎక్కని గట్టు.
తవ్వితే ముందు ఒక బొత్తాం,
తర్వాత బూటు అడుగు,
ఆ తర్వాత
ఏది వేరో ఏది ఎముకో తెలీని గోధుమరంగు.

మోకాళ్ళ మీద కూర్చుని
పళ్ళు తోముకునే బ్రష్షుతో
ఒక్కొక్కటీ సముద్రపు నీళ్ళలో కడిగాడు కొడుకు.

అప్పుడు అవ్వ నా వైపు తిరిగి
మా భాషలో, వాన వస్తుందని చెప్పినట్టు చెప్పింది:
"ఆ గోతిలో మనవాళ్ళూ ఉన్నారు.
వాసన పట్టలేక ఆడవాళ్ళం
ఒక్క పూటలో అందర్నీ కలిపి పూడ్చాం.
సిరోగాకి చిన్నప్పుడు ఎడమకాలు విరిగింది.
కర్ర కట్టి అతికించింది మా అమ్మ."

ఆయన చేతిలో
నడుమ ముడి వేసినట్టు ఉబ్బిన ఒక ఎముక.
బుడిపె మీద బ్రష్షు ఆగింది,
మళ్ళీ కదిలింది.

"ఆవిడ ఏమంటోంది?"

దుబాసీ పనిలో కష్టమేముంది,
ఈ చెవిన పడింది ఆ చెవిన వెయ్యడమేగా.
అవ్వ మొహం చూశాను.
తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు.
డబ్బా మూత తీసి, మళ్ళీ వేసింది.

"ఎండిన కట్టెలు వాడమంటోంది," అన్నాను.

ఆ కట్టెలూ నేనే మోసుకొచ్చాను.
ఒడ్డున మంట పెడితే పొగ
వాళ్ళ కళ్ళనీ మా కళ్ళనీ ఒకేలా మండించింది.
బూడిద తెల్లగుడ్డలో, గుడ్డ చెక్కపెట్టెలో,
పెట్టె ఆయన ఒళ్ళో.
పడవ కదిలేముందు అవ్వ నీళ్ళలోకి దిగి
పెట్టె మీద కాల్చిన చేమదుంప ఒకటి పెట్టింది.
ఆయన రెండు చేతులా దుంపని అదిమిపట్టి
వంగి, చాలాసేపు లేవలేదు.

ఇప్పుడు అవ్వ లేదు.
చివరి ఏడాది ఎవరైనా తమ్ముడి ఊసెత్తితే
"జపాన్లో ఉన్నాడు" అనేది.
పిల్లలు నవ్వేవాళ్ళు.
"అక్కడ చలట," అనేది,
"చొక్కా కూడా లేకుండా వెళ్ళాడు."