తోక చెట్టు

బర్మా క్యాంపు మూడో వీధి చివర,
ఊరందరి కంటే ముందు రైలు కూత వినబడే ఇంటి పెరట్లో
ఒక చెట్టుంది.
ఆ చెట్టుకి ఈ ఊరంటే పడదు.

ఉప్పుగాలి పడదు. మే నెల పడదు.
పోర్టు నుంచి లేచొచ్చి
ఆకుల మీద చాపేసుకు కూర్చునే ఇనుప దుమ్ము పడదు.
కొళాయి నీళ్లు పడవు, వాననీళ్లే కావాలి.
"దొరబిడ్డ" అనేది మా అమ్మ, మూతి తిప్పుకుని.

పైడమ్మత్త ఓడ దిగినప్పుడు తెచ్చిందిట,
పాలడబ్బాలో, తడి కొబ్బరిపీచులో, ఒక పుల్ల.
రంగూను రేవులో
కమ్మలు విప్పించారు, ముక్కుపుడక విప్పించారు,
చంటిదాని మొలతాడుకున్న వెండిగంట కూడా లెక్క రాసుకున్నారు.
పుల్లనెవరూ అడగలేదు.

పేరు తోకా అంది.
వీధిలో గుంటలందరం పగలబడి నవ్వాం.
"తోక చెట్టు! తోక చెట్టు!
కొమ్ములెప్పుడు మొలుస్తాయత్తా?"

నవ్వినందుకు నాకు పని పడింది.
ఆదివారం ఆదివారం తడిగుడ్డతో
ప్రతి ఆకూ వెనకా ముందూ తుడవాలి, కూలి ఐదు పైసలు.
గుడ్డ పిండితే బకెట్లో తుప్పు రంగు.

కొత్త చిగురేసిన రోజు ఏడ్చింది నేనే.
లేతాకులు రాగిరంగులో,
ఉతికి తీగ మీద ఆరేసిన జేబురుమాళ్లలా వేలాడిపోయాయి.
"సచ్చిపోనాదత్తా!"
"సావునేదురా గుంటడా. ఇది పుట్టడమే తలొంచుకుని పుడతాది.
పదిరోజులాగు, పచ్చబడి నిలబడతాది."
నిలబడింది.

పువ్వు మాత్రం పూయలేదు.
నేను లోకోషెడ్డులో చేరాను, పూయలేదు.
బొగ్గింజన్లు పోయి డీజిలు, డీజిలు పోయి కరెంటు.
నాకు రిటైర్మెంటు కాగితం కూడా వచ్చింది.
ఆవిడ మాత్రం ప్రతి ఎండాకాలం
దాని కాళ్ల దగ్గర గోనెపట్టాలు తడిపేది.
తూర్పున పాతరేకుల దడి కట్టించింది,
సముద్రం కంట పడకుండా.

హుద్‌హుద్ నాడు
ఆ రేకులు ఎగిరి ఎక్కడ పడ్డాయో ఇప్పటికీ తెలీదు.
తెల్లారి చూస్తే కొండలన్నీ వేయించినట్టు గోధుమరంగు.
ఇక్కడ పుట్టి ఇక్కడ పెరిగిన వేపలు, రావులు
వేళ్లు పైకెత్తి రోడ్డుకడ్డంగా పడుకున్నాయి.
తోకాకి సగం మాను మిగిలింది.
ట్యాంకరు నీళ్లకి మనుషులు కొట్టుకుంటుంటే
పైడమ్మత్త తన వాటా రెండు బిందెలూ
దాని మొదట్లో పోసి ఉప్పు కడిగింది.
వీధంతా తిట్టింది. నేనూ తిట్టాను.

నాలుగేళ్ల తర్వాత, మాఘమాసంలో ఒక పొద్దున్న,
కింది కొమ్మ నుంచి ఒకే ఒక్క గెల
మూరెడు పొడవున, ఎర్రగా, తలకిందులుగా దిగింది.
రేకు చివర పసుపు చుక్క,
పేరంటానికి పిలిచి ఎవరో అద్దినట్టు.
అచ్చం తోకే.
చిన్నప్పుడు మేం నవ్వింది తప్పు కాదన్నమాట.

"మీ రంగూను ఇల్లు గుర్తొచ్చిందా అత్తా?"

ఆవిడ పువ్వుని వేలితో ముట్టుకుంది,
ఆ వేలు వాసన చూసుకుంది.
"మా ఇంటికాడ ఏటున్నాదిరా, బురద, బియ్యం బస్తాలు.
ఇది మిల్లు దొర తోటలోది.
గోడవతల్నించి సూసేదాన్ని. ముట్టుకుంటే మాలీ కొట్టేవోడు.
మిల్లు మూసీసిన నాడు గోడ దూకి
నేలకానిన కొమ్మొకటి ఇరిసీసేను."

ఇంతకాలం
ఊరు పోగొట్టుకున్న మనిషి
ఊరిని పెంచుకుంటోందనుకున్నాను.

ఇది గింజ కట్టదు. అంటు కట్టాల్సిందే.
నిన్న సాయంత్రం పైకొమ్మ బెరడు ఉంగరంలా వలిచి
కొబ్బరిపీచు చుట్టి, పాలకవరుతో బిగించి కట్టాను.
అడవివరంలో మా అమ్మాయి ఇంటెనక కొండ నీడ ఉంది,
సముద్రం అంత దూరం రాదేమో.

అడిగి కట్టలేదు.
అత్త అరుగు మీద అటు తిరిగి కూర్చుని
వక్క కొరుకుతూ అంది:
"దొంగతనం మొక్కే బతుకుతాదంట.
నాను సూడ్నేదు."